ప్రవేశపట్టిక – ఫలితపట్టిక

ఏలూరు రోడ్డుకును బందరు రోడ్డుకును నడుమ, బీసెంటు రోడ్డు సందడి లీలగా చెవిని పడునంత దూరమున, దుకాణముల పేరుపలకల వెనుక ఒదిగియున్న ఒక చిన్న పురపాలక ఉన్నత పాఠశాలకు కొంతకాలము క్రిందట పోవుట తటస్థించెను. దాని పేరు చెప్పను. చెప్పబోవు సంగతి ఆ ఒక్క బడికి మాత్రమే చెందినది కాదు, గవర్నర్‌పేట చుట్టుపట్ల అట్టి బడులు మఱికొన్ని కలవు. ప్రధానోపాధ్యాయిని ఇనుప బీరువా తెఱచి రెండు పుస్తకములు నా యెదుట బల్లపై నుంచెను. ఒకటి అడ్మిషన్ రిజిస్టరు: అంచులు చిరిగి, వెన్నున గుడ్డపట్టీ అంటించుకొన్న పొడవాటి పుస్తకము, బాలుని పేరు, తలిదండ్రుల పేర్లు, వారి వృత్తి, కులము, మాతృభాష, పుట్టినతేది, పుట్టుమచ్చలు, చేరిన తరగతి, టి.సి. తీసికొని పోయిన దినము. రెండవది పదవ తరగతి మార్కుల పుస్తకము. మొదటిదానిని గుమస్తా జూన్ మాసమున తెఱచును. రెండవదానిని అధికారులు ఫలితములు వచ్చిన పిమ్మట అడుగుదురు. ఆ రెండును ఒకే బీరువాలో, ఒకదానిపై నొకటి, ఏండ్లతరబడి పడియున్నవి; ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివినవారు మాత్రము అరుదు.

ఒక బడికి ఎవరి పిల్లలు వచ్చుచున్నారు, వారికి చదువు ఎంత అబ్బుచున్నది, మొదటి ప్రశ్నకు సమాధానమే రెండవదానికిని సమాధానమా, లేక ఆ నడుమ బడి చేయగలిగిన పని కొంత మిగిలియున్నదా అనునది లోకమున అఱువదియేండ్లుగా విద్వాంసులు తర్కించుచున్న విషయము. ఆ తర్కమున ఆంధ్రదేశపు పాఠశాలలు సాక్షులుగా నిలిచినవని మనలో పలువు రెఱుగరు. ఆ యధ్యయనముల సారమును గవర్నర్‌పేట బడిగదిలోనికి తెచ్చి, అచ్చటి పిల్లల నెదుట నుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ముందు పిల్లల సంగతి. 1852–55 నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టబడి, కాలువలు త్రవ్వబడి, ఆ వెనుక రైలు వచ్చి, 1888లో పురపాలకసంఘ మేర్పడి పట్టణముగా పెరిగిన బెజవాడ మొదట చదువుల ఊరు కాదు. అది ఇచ్చిపుచ్చుకొనువారి ఊరు. చదువునకు బందరు. 1843లో రాబర్టు నోబుల్ దొర స్థాపించిన పాఠశాలయు, 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలయు అచ్చటనే వెలసినవి. బెజవాడలో బడి పెరిగినది వ్యాపారముతో పాటు, కోర్టు గుమాస్తాగిరితో పాటు. లెక్క వ్రాయువాడు, అర్జీ వ్రాయువాడు, సరకుల పట్టీ చదువువాడు ఊరికి కావలసివచ్చిరి. అట్టివారి కుమారులే తొలి తరముల హైస్కూలు బల్లలపై కూర్చుండిరి. తక్కినవారు బల్లలవఱకు వచ్చుటకే పోరాడవలసివచ్చెను. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్రుల మహాసభ జరిగినది ఈ బెజవాడలోనే యని, నేటి మన బడి రిజిస్టరులోని కులపు గడిని చదువునపుడెల్ల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ గడిలో నేడు నిండియున్న పేర్లు నాటి బడిలో దాదాపు లేవు. నాటి బడిలో నిండియున్న పేర్లు నేడు ఆ గడిలో దాదాపు లేవు. ఒక శతాబ్దకాలమున ఒక బడి యొక్క జనాభా ఇట్లు తలక్రిందు లగుట సామాన్యమైన మార్పు కాదు. దానిని బడి పతనమని చెప్పువారు కొందఱు కలరు, నేనట్లు తలపను. ఎవరి కొఱకు బడి తలుపు మూయబడియుండెనో వారు లోనికి వచ్చిరి. విచారింపదగిన దేమనగా, వారు లోనికి వచ్చుచుండగనే, పలుకుబడి గలవారు తమ పిల్లల చేయి పట్టుకొని వెలుపలికి నడచిరి. బడికప్పు కారుచున్నదని మునిసిపల్ కమిషనరును నిలదీయగల తండ్రి ఆ బడికి తండ్రి కాకుండ పోయెను.

ఆ నిష్క్రమణము ఒక్కనాటిది కాదు. ఫీజుల బడులు ఈ నగరమున ఒకటొకటిగా వెలసి, 1986లో ఇచ్చటనే శ్రీచైతన్య జూనియర్ కళాశాల మొదలై, ఇంటర్మీడియేటు శిక్షణ యొక పెద్ద పరిశ్రమగా పెరిగి, ఆ పరిశ్రమ మెల్లగా ఆఱవ తరగతి వఱకును దిగివచ్చెను. డెల్టా పల్లెలలో రెండెకరముల రైతు సైతము ధాన్యము డబ్బులు చేతికి రాగానే విజయవాడ హాస్టలులో పిల్లవానిని చేర్చుట ఆనవాయితీ ఐనది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారి 'యంగ్ లైవ్స్' అధ్యయనము 2002 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 3,000 మంది పిల్లలను వెంబడించి చూచుచున్నది. ఎనిమిదేండ్ల వయసున ప్రైవేటు బడిలో నున్నవారు పెద్దపిల్లల గుంపులో, అనగా 2002లో, నూటికి 24 మంది. చిన్నపిల్లల గుంపు అదే వయసునకు వచ్చిన 2009 నాటికి నూటికి 44 మంది. ఏడేండ్లలో ఇంతటి మార్పు! అందునను మగపిల్లలే ఎక్కువ. ఇంటిలో ఒక్క ఫీజునకే డబ్బున్నపుడు ఆ ఫీజు ఎవరికి కట్టుదురో ఆ లెక్క చెప్పుచున్నది. గవర్నర్‌పేట బడి హాజరుపట్టికలో ఆడపిల్లల పేర్లు మగపిల్లల పేర్ల కంటె ఏల అధికముగా నుండునో కూడ చెప్పుచున్నది.

ఐతే ఉన్నవారు పోవుటయే కాదు, క్రొత్తవారు వచ్చుటయు నున్నది. గవర్నర్‌పేటలో ఇండ్లు దుకాణములైనవి, దుకాణములు అంతస్తు లైనవి. కాపురమున్న కుటుంబములు తగ్గినవి. కాలువగట్ల మీది గుడిసెలవారికి నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకము క్రింద జక్కంపూడి వంటి శివారులలో ఇండ్లు కట్టియిచ్చిన పిమ్మట, ఆ పిల్లలలో కొందఱు దూరాభారమున ఈ బడి మానిరి. కొందఱు ఆటోలో, సిటీ బస్సులో ఇంకను వచ్చుచున్నారు, ఏలయన వారి తల్లులు పనిచేయు ఇండ్లు, తండ్రులు మూటలు దింపు గోదాములు ఇంకను ఇచ్చటనే యున్నవి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండి కట్టడపు పనులకు వచ్చినవారు, అపార్టుమెంటు మెట్ల క్రింది గదిలో కాపురముండు వాచ్‌మన్ కుటుంబములు, వీరి పిల్లలు తరగతి నడుమ, సంవత్సరము నడుమ వచ్చి చేరుదురు. నేను చూచిన రిజిస్టరున వృత్తి గడిలో వ్రాసినవి ఇవి: ఆటో, ముఠాకూలి, టైలరు, ప్రెస్సులో బైండింగు, ఇంటిపని, హోటలు, వాచ్‌మన్, పెయింటరు, మఱల ఆటో. పదింట ఒక చోట 'లేరు' అని యుండెను. తండ్రి వృత్తి యెదుట 'లేరు' అను ఆ రెండక్షరములే యొక గృహచరిత్ర.

కులపు గడి సంగతి కొంత విడిచి చెప్పవలెను. 1970లో అనంతరామన్ సంఘము వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి యని విభజించెను. 2007లో ముస్లిములలోని కొన్ని వర్గములకు ఇ చేర్చబడెను. షెడ్యూల్డు కులముల వర్గీకరణ 1997 మొదలు న్యాయస్థానముల చుట్టు తిరిగి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో దానికి మఱల దారి తెఱచుకొనెను. ఈ అక్షరములన్నియు రిజిస్టరులో నెక్కినవి. ఇవి లేనిదే ఉపకారవేతనము లేదు, హాస్టలు సీటు లేదు. కావున వీనిని తక్కువ చేయుటకు వీలులేదు. కాని ఒకే అక్షరము క్రింద, సొంత కుట్టుమిషను పెట్టుకొని బీసెంటు రోడ్డు దుకాణములకు రవికలు కుట్టి యిచ్చు కుటుంబపు పిల్లయు, మూడు నెలలకొక అద్దెగది మారు కుటుంబపు పిల్లయు పక్కపక్కన కూర్చుందురు. మొదటి పిల్ల ఏడాదికి పదిదినములైన మానదు. రెండవ పిల్ల పదవ తరగతికి వచ్చునప్పటికి నాలుగు బడులు చూచియుండును. చదువునకు సంబంధించినంతవఱకు అక్షరపు భేదము కంటె ఈ కాపురపు నిలుకడ భేదమే బలమైనదని నాకు తోచుచున్నది. దానికి మాత్రము రిజిస్టరులో గడి లేదు.

ఆ తరగతిగదిలో నేనొక దృశ్యమును చూచితిని. మొదటి గంట సగమైన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలుడొకడు వాకిట నిలిచెను. అఱచేతులు అచ్చుసిరాతో నల్లబడి యుండెను. "ఏరా, ఇవాళ కూడానా?" అని గణితోపాధ్యాయు డడిగెను. "బండి లేటుగా వచ్చింది సార్, పేపర్లు వేసి వచ్చేసరికి ఇంతయింది" అని వాడు చెప్పెను. ఉపాధ్యాయుడు మఱి మాటాడలేదు. కూర్చుండుమని తలతో సూచించెను. వాడు కూర్చుండి, పుస్తకము తెఱచి, సరాసరి భాగహారపు మెట్టుకు పోయి సరిగనే వ్రాయసాగెను; పది నిముషములలో వాని తల పుస్తకముపై వాలెను. తెల్లవాఱి నాలుగు గంటలకు లేచినవాని నిద్ర అది. వానికి గణితము రాదని ఫలితపట్టిక రేపు చెప్పవచ్చును. వానికి గణితము వచ్చును. రానిది నిద్రకు వేళ. ఈ రెండు మాటలకు గల భేదమును తెలిసికొనుటయే పాఠశాలాపరీక్షకుల మొదటి విధి యని నా నమ్మకము.

ఇక ఫలితముల సంగతి. రాష్ట్రమంతటి పదవ తరగతి ఉత్తీర్ణతాశాతమును వరుసగా చూచినచో, 2019లో 94.88, మహమ్మారి కారణమున 2020, 2021 సంవత్సరములలో పరీక్షలు లేకయే అందఱును ఉత్తీర్ణులైరి, 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ అంకెలను ఒక గీతగా గీచి, పిల్లల తెలివి 2022లో కూలి 2024లో లేచినదని చెప్పుట ఎంత అసంగతమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నడుమ మారినది కొలబద్ద. 2019 వఱకు బడిలోనే వేయు అంతర్గత మూల్యాంకనపు 20 మార్కులు తరువాత తొలగింపబడినవి. పదునొకండు పేపర్లు ఏడై, ఏడు ఆఱైనవి. 2022లో పరీక్ష వ్రాసిన పిల్లలు తొమ్మిదవ తరగతిలో చాల భాగము బడి మొగము చూడనివారు. వారిలో సెల్‌ఫోనున్న ఇంటి పిల్లలు కొంత విన్నారు, లేని ఇంటి పిల్లలు వినలేదు. ఆ యేట 71 బడులలో ఒక్కరును ఉత్తీర్ణులు కాలేదు. 2024లో అట్టి బడులు 17. ప్రతి సంవత్సరమును బాలికలు బాలుర కంటె ముందే యున్నారు: 2022లో 70.70కి 64.02, 2025లో 84.09కి 78.31. కొలబద్ద యెన్నిసార్లు మారినను బాలికల ముందంజ మాత్రము చెదరలేదు. ఫీజు కట్టి బయటికి పంపబడిన బాలుడును, ఇంటిపని ముగించుకొని పురపాలక బడికి వచ్చిన బాలికయు ఒకే పరీక్ష వ్రాయుచున్నారని తలచినపుడు, ఆ అయిదాఱు శాతముల విలువ ఇంకను పెరుగును.

రాష్ట్రమునకు ఆఱులక్షల మంది యుందురు గనుక శాతమునకు అర్థమున్నది. చిన్న బడికి ఆ యర్థము నిలుచునా? పదవ తరగతిలో ఇరువదియైదుగురున్న బడిలో ఒక్క పిల్లవాని జ్వరము నాలుగు శాతము. ఈ విషయమును కొంచెము నిదానముగా చెప్పెదను. ఆ బడి నిజముగా నూటికి ఎనుబదిమందిని గట్టెక్కించు బలము గలదే యనుకొందము. ఐనను కేవలము యాదృచ్ఛికత వలననే, ఏటేట ఉత్తీర్ణుల సంఖ్య ఇరువదికి అటునిటు రెండేసి మందికి కదలుట సహజము. అనగా ఒక యేడు 72, మఱొక యేడు 88, ఆ పైయేడు మఱల 76. బోధనలో వెంట్రుకవాసి మార్పు లేదు. అదే బలము గల నాలుగువందల మంది బడిలో ఆ కదలిక రెండు శాతము మాత్రమే. కావున జిల్లాలో ప్రథమస్థానమున నిలుచు బడులును చిన్నవే, అట్టడుగున పడు బడులును చిన్నవే. అమెరికాలో థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అను ఆర్థికవేత్తలు 2002లో దీనిని పాఠశాలల అంకెలతోనే నిరూపించిరి. చిన్న ఉన్నత పాఠశాలలే మేలైనవని నమ్మి గేట్స్ ఫౌండేషన్ కోట్లకొలది డాలర్లు వెచ్చించుటలో ఈ గణితధర్మమును మఱచుట జరిగినదని హోవర్డ్ వైనర్ తరువాత వివరించెను: మేలైన బడులలో చిన్నవి యెక్కువగా నున్నవని చూచిరే కాని, అధమమైన బడులలోను చిన్నవే యెక్కువగా నున్నవని చూడలేదు. మన దేశమున ఇదే దోషము వేఱొక విధముగా జరుగుచున్నది. ఒక యేడు శాతము పడిపోయిన చిన్న బడి ఉపాధ్యాయునకు సంజాయిషీ నోటీసు వచ్చును. మఱుసటి యేడు శాతము తనంతట తాను లేచును. నోటీసు పనిచేసినదని పై వారు తలంతురు. ఆ ఉపాధ్యాయుని మనసునకు కలిగిన గాయము ఏ పట్టికలోను నెక్కదు.

చిన్న బడికి మఱియొక చిక్కు కలదు. గణితమునకు ఒక్కరే, భౌతికశాస్త్రమునకు ఒక్కరే. ఆ ఒక్కరు ప్రసవపు సెలవులో నున్నను, బదిలీలలో ఖాళీ యైనను, ఆ సబ్జెక్టునకు ఆ యేడు బడిలో దిక్కులేదు. పెద్ద బడిలో నలుగురు గణితోపాధ్యాయులలో ఒకరు లేని లోటు తక్కిన ముగ్గురు పంచుకొందురు. పురపాలక ఉపాధ్యాయుల అజమాయిషీ 2022లో పాఠశాల విద్యాశాఖకు మారిన తరువాత ఇట్టి ఖాళీల సర్దుబాట్లు సులభ మగునని ఆశించిన వారిలో నేనొకడను.

పైనుండి వెన్నతీయుట కూడ ఈ బడికి తప్పలేదు. నాలుగవ తరగతి చదువుచుండగనే ప్రవేశపరీక్ష వ్రాసి చుఱుకైన పిల్లలు గురుకులములకు పోవుదురు; 1971లో సర్వేలులో మొదలైన ఆ పద్ధతి వలన ఎందఱో పేదబిడ్డలు వృద్ధిలోనికి వచ్చిరనుట నిర్వివాదము, వారిని ఆపవలెనని ఎవరును కోరరు. ప్రైవేటు బడులలో పావువంతు సీట్లు పేదలకు కేటాయించు విద్యాహక్కు చట్టపు నిబంధన మన రాష్ట్రమున ఇటీవలనే అమలునకు వచ్చెను. దాని ద్వారమున మఱికొందఱు పోవుదురు. ఇట్లు వడపోసి వడపోసి మిగిలిన తరగతితో, ఆ వడపోతలో చేరినవారితో సమానముగా పరుగెత్తుమని పురపాలక బడిని అడుగుచున్నాము. ప్రభుత్వమునకు ఈ అసమానత తెలియక పోలేదు. 2008లో నూజివీడు మొదలైన మూడు చోట్ల స్థాపింపబడిన ట్రిపుల్ ఐటీలలో ప్రవేశమునకు, హాస్టలు లేని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నూటికి నాలుగు చొప్పున మార్కులు కలుపుదురు. పిల్లవాని మార్కులు వాని శ్రమను మాత్రమే కాక వాని పరిస్థితిని కూడ చెప్పుచున్నవని రాజముద్రతో అంగీకరించుటయే యిది. పిల్లవాని విషయమున అంగీకరించిన ఆ న్యాయమును బడి విషయమున మాత్రము ఇంకను అంగీకరింపలేదు.

ఇట్లనగా బడి నిమిత్తమాత్రమేనా? ఈ ప్రశ్నకు 1966వ సంవత్సరము ముఖ్యమైనది. ఆ యేడే అమెరికాలో జేమ్స్ కోల్మన్ నివేదిక వెలువడి, పిల్లల ఫలితములలో భేదములకు బడి వసతుల కంటె ఇంటి పరిస్థితులును, పక్కబల్లపై కూర్చున్న తోటిపిల్లల పరిస్థితులును అధికముగ కారణములని చెప్పి లోకమును కలవరపెట్టెను. ఆ యేడే మన దేశమున కొఠారి సంఘము, ఒక పేటలోని పిల్లలందఱును, కలిమిలేములతో నిమిత్తము లేక, ఆ పేట బడిలోనే కలిసి చదువుకొనవలెనని సూచించెను. ఒకరు రోగమును చెప్పిరి, ఒకరు మందును చెప్పిరి యని నాకు తోచును. కోల్మన్ చెప్పిన పక్కబల్ల ప్రభావమునకు కొఠారి చెప్పిన పేటబడియే సమాధానము. మనము మందు పుచ్చుకొనలేదు. పదియేడేండ్ల తరువాత, 1983లో, హైనెమన్, లాక్స్‌లీ అనువారు 29 దేశముల లెక్కలు తీసి, పేద దేశములలో ఇంటి కంటె బడియే, ఉపాధ్యాయుడే ఫలితమును నిర్ణయించుటలో బలవత్తరుడని చూపిరి. పుస్తకమే లేని ఇంటిలో బడిపుస్తకమే పుస్తకము కదా.

మన రాష్ట్రపు సాక్ష్యము ఇంకను సూటియైనది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 180 గ్రామములలో, 2008 నుండి నాలుగేండ్లు, లాటరీ తీసి పేదపిల్లలను ప్రైవేటు బడులకు ఫీజు చెల్లించి పంపి చూచిరి. లాటరీ తగిలినవారును తగలనివారును అన్ని విధముల సమానులు గనుక, ఇచ్చట కులము, ఇల్లు, తల్లి చదువు అను కారణములు తొలగిపోయి బడి భేదమే మిగులును. నాలుగేండ్ల పిమ్మట తెలుగులోను గణితములోను ఉభయులకును భేదము కానరాలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు పిల్లలు మెఱుగు. ఫీజు బడి ఫలితము మెఱయుటకు ముఖ్యకారణము అచ్చటికి చేరిన పిల్లల యిల్లే యని దీనివలన తేలుచున్నది. ఐతే సర్కారు బడి పక్షమున మాటాడువారు దీనిని సగమే చెప్పుదురు. తక్కిన సగమును చెప్పుట నా ధర్మము. ఆ ప్రైవేటు బడులు ఆ ఫలితమును ప్రభుత్వము ఒక్కొక్క పిల్లకు వెచ్చించు ధనములో మూడవ వంతు కంటె తక్కువతో, తెలుగునకు గణితమునకు తక్కువ కాలము వెచ్చించి, మిగిలిన కాలమున ఇతర విషయములు చెప్పి సాధించినవి. అనగా సర్కారు బడికి చేతనున్న ధనమునకు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు తగిన ఫలిత మింకను రావలసియున్నది. ఆ యిద్దఱే ఇంతకుముందు చేసిన మఱియొక పరీక్షలో, పిల్లల పురోగతిని బట్టి ఉపాధ్యాయులకు స్వల్పమైన బోనసు, సగటున ఏడాది జీతములో నూటికి మూడు మాత్రమే, ఇచ్చినచోట రెండేండ్లలో గణితమునను భాషయందును ఫలితములు స్పష్టముగ మెఱుగుపడెను. గమనింపదగిన దేమనగా, అచ్చట కొలిచినది పిల్లలు చేరుకొన్న స్థానమును కాదు, కదలిన దూరమును.

మన రాష్ట్రమున జరిగిన ఈ రెండు పరీక్షలును పల్లెలవే యని మఱువరాదు. ప్రథమ్ సంస్థ వెలువరించు అసర్ నివేదిక సైతము గ్రామసీమలదే. నగరమధ్యమున, వేయి దుకాణముల నడుమ, గవర్నర్‌పేట బడిపిల్ల ఈ పెద్ద అద్దములలో దేనియందును కనబడదు. పల్లెలో బడి మానిన పిల్ల ఎవరింట నున్నదో ఊరందఱికి తెలియును. ఇచ్చట గది ఖాళీ చేసిన కుటుంబము ఏ శివారునకు పోయినదో ఇంటి యజమానికే తెలియదు. ఉపాధ్యాయులు 'లాంగ్ ఆబ్సెంట్' అని వ్రాసికొని, నామినల్ రోల్స్ పంపు వేళకు ఆ పిల్లను వెదకుచు సింగ్‌నగర్ వీధులలో తిరుగుదురు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ ప్రాంతమంత నీట మునిగినపుడు పుస్తకములే కాదు, ఆధార్ కార్డులు, కులధ్రువీకరణపత్రములు కూడ బురదలో కలిసిన ఇండ్లు కలవు. ఆ పిల్లల త్రైమాసిక మార్కులను ఏ అంకెతో సరిపోల్చుదుము?

మాధ్యమపు సంగతి వేఱుగ వ్యాసము వ్రాయదగినంత పెద్దది. ఇచ్చట రెండు మాటలు. 2020–21 నుండి ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. 2025 మార్చిలో పదవ తరగతి పరీక్షకు కూర్చున్న ఆఱులక్షల పైచిలుకు పిల్లలలో తెలుగు మాధ్యమమున వ్రాసినవారు సుమారు ఏబదివేలు. తలిదండ్రులు ఇంగ్లీషు కోరిరి. వారిని తప్పుపట్టుటకు, తన పిల్లలను ఇంగ్లీషులో చదివించుకొన్న ఏ వ్యాసకర్తకును హక్కు లేదు. కాని ఆ తరగతిగదులలో నేను చూచినది చెప్పెదను: పిల్లలు ఎడమనున్న ఇంగ్లీషు పుట తెఱచియుంచి కుడినున్న తెలుగు పుట చదువుచున్నారు, జవాబును ఎడమపుట నుండి బట్టీపట్టుచున్నారు. కిరణజన్యసంయోగక్రియ తెలుగున అడిగిన ఆకు, నీరు, వెలుగు అని చేతులు త్రిప్పుచు చెప్పిన పిల్ల, కాగితముమీద ఇంగ్లీషున రెండు పంక్తులు దాటలేదు. ఆ పిల్ల మార్కు సామాన్యశాస్త్రపు మార్కా, ఇంగ్లీషు మార్కా యని విడదీయు ఉపాయము నేటి ఫలితపట్టికలో లేదు.

భోజనము, సొమ్ము అను రెండు సాయముల వలన హాజరు పెరిగినది. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు పిమ్మట 2003 జనవరిలో మన రాష్ట్రమున మధ్యాహ్నభోజన మారంభమై, తరువాత ఉన్నత తరగతులకును విస్తరించెను. 2020 జనవరిలో అమ్మఒడి పేర, నూటికి 75 దినముల హాజరు నియమముతో, తల్లి ఖాతాలో 15,000 రూపాయలు వేయుట మొదలై, 2025లో తల్లికి వందనమను పేర ఇంటిలోని పిల్లలందఱికిని వర్తించెను. గ్రుడ్డు పెట్టు దినమున బడిలో ఖాళీ బల్ల కానరాదని ఆయా నాతో చెప్పెను. ఇవి ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటికిని చెందు సాయములా, ఒకదానికేనా అను తర్కము రాజకీయులది. తల్లి కొంగున ముడివేసికొన్న ఆ సొమ్ము మొదట ఇంటి అద్దెకు పోయినను, అద్దె కట్టిన యిల్లు మారదు, ఇల్లు మారని పిల్ల బడి మారదు. ఈ దారిన చూచిన, అద్దె కూడ విద్యావ్యయమే.

చేయవలసినది మిక్కిలి ఖర్చుతో కూడినది కాదు. ఆఱవ తరగతిలో చేరిన జూన్ మాసమున పెట్టు బేస్‌లైన్ పరీక్ష పత్రము పిల్లవాని వెంట పదవ తరగతి వఱకు నడువవలెను. నేను చూచిన బడిలో అవి మూటకట్టి అటకపై నుండెను. మార్కుల పుస్తకమున పిల్లవాడు చేరిన తరగతి, చేరిన నెల, అంతకుముందు చూచిన బడుల సంఖ్య అను మూడు గడులు చేర్పవలెను. ఒక్క యేటి శాతముతో కాక, మూడేండ్ల మొత్తముతో చిన్న బడిని చూడవలెను. చేరిననాడు అక్షరములు కూడబలుకుకొనిన పిల్ల అయిదేండ్లకు దినపత్రికను చదువగలిగినచో, ఆ బడి ఫలితము ఏబది శాతమైనను అది పనిచేయు బడి. చేరిననాడే అన్నియు వచ్చిన పిల్లలను నూటికి నూరు గట్టెక్కించిన బడి ఏమి చేసినదో విచారించి తెలిసికొనవలెను.

ఆ మధ్యాహ్నము ప్రధానోపాధ్యాయిని నా కోరికపై రెండు పుస్తకములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి, అడ్మిషన్ రిజిస్టరులోని ఒక వరుసపై ఎడమచేతి వ్రేలు నుంచెను. ఎనిమిదవ తరగతి, చేరిన నెల అక్టోబరు, వెనుకటి బడి శ్రీకాకుళము జిల్లాలోనిది, తండ్రి వాచ్‌మన్. కుడిచేతి వ్రేలితో మార్కుల పుస్తకమున ఆ పేరే వెదకెను: ఆఱువందలకు మూడువందల నలుబది చిల్లర, ఉత్తీర్ణత. జిల్లా జాబితాలో ఎక్కడను కానరాని మార్కులు. "ఈ పిల్ల వచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు బి, డి తేడా తెలిసేది కాదండీ. సాయంత్రం ఐదున్నర దాకా ఇక్కడే ఉండేది, వాళ్ళమ్మ పని ముగించుకుని వచ్చి తీసుకెళ్ళేది" అని ఆమె చెప్పి, వ్రేలు తీయకుండనే క్రింది వరుసకు జరిపెను. అటు పిమ్మట మఱొక పేరు, మఱొక పేరు; నాలుగు గంటల గంట కొట్టువఱకు మేము ఆ పుటలోనే యుంటిమి.